ఊరు అడిగిన గొంతు

1974. బెజవాడ ట్రంకు ఎక్స్ఛేంజిలో నేను ఆపరేటరుగా చేరి మూడేళ్ళయింది. ఊరు దాటి వెళ్ళే ఫోన్‌ని ట్రంకు కాల్ అనేవాళ్ళం. చల్లపల్లివాళ్ళు మైలవరంతో మాట్లాడాలన్నా మా బోర్డు మీద మేం కలపాల్సిందే. ఏ కాల్ ఎక్కడినుంచి ఎక్కడికో ఒక చీటీ మీద రాసేవాళ్ళం, దాన్ని టికెట్ అంటారు. మర్యాదలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని మాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ మర్యాదే ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

ఒక శనివారం సాయంత్రం ఒకాయన మైలవరం స్కూలు నంబరు అడిగాడు. లైను ఖాళీ లేదు. "హెడ్మిస్ట్రెస్ గారు ట్రంకు కాల్‌లో ఉన్నారండీ. ప్రతి శనివారం ఈ టైముకి వస్తుంది. కాసేపాగి చేయండి" అన్నాను. అడక్కుండానే చెప్పాను.

సోమవారం ఇంకో ఫోను. "డివిజనల్ ఇంజనీరు ఆఫీసునుంచి. శనివారం మైలవరం కాల్ మీద కంప్లెయింటు ఉంది. అది ఏ ఊరినుంచి వచ్చిందో టికెట్ చూసి చెప్పు."

గొంతులో అధికారం ఉంది. కానీ మా ఆఫీసర్లకి టికెట్లు కావాలంటే ప్యూన్‌ని పంపేవాళ్ళు. "మీరు పెట్టేయండి సార్, నేనే ఆఫీసుకి చేసి చెబుతాను" అన్నాను.

"ఉద్యోగం చేయాలని లేదా నీకు?"

"ఉందండీ. అందుకే."

ఠక్కున పెట్టేశాడు. ఆఫీసుకి చేస్తే, మేమెవరమూ అడగలేదన్నారు.

మర్నాడు ఏడుపు గొంతుతో ఒకాయన. "అమ్మా, మైలవరం హెడ్మిస్ట్రెస్ గారు మా అత్తగారు. సీరియస్‌గా ఉంది. నా భార్య నర్సు. అలిగి వెళ్ళిపోయి, ఏ ఊళ్ళో ఉందో చెప్పడం లేదు. శనివారం ఫోన్ చేసింది తనే. ఊరు చెప్పండమ్మా, కడసారి చూపుకి తీసుకెళ్తాను. మీకు పుణ్యముంటుంది."

నా చెయ్యి టికెట్ల కట్ట మీదికి వెళ్ళింది. మా అమ్మ పోయినప్పుడు నాకు కబురు వేళకి అందలేదు. ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆగాను. నిజమైతే రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. అబద్ధమైతే, చెప్పిన ఊరిని వెనక్కి తీసుకోలేను.

"లైన్లో ఉండండి" అని మైలవరం చేశాను.

"హెడ్మిస్ట్రెస్‌ని మాట్లాడుతున్నాను" అందావిడ. గొంతు ఖంగుమంటోంది.

విషయం చెప్పాను. "వాడు మా గ్రేస్‌ని కత్తిపీటతో కొట్టాడమ్మా. చంపుతానని ఊరూరా వెతుకుతున్నాడు. మీకు దణ్ణం పెడతాను, ఊరు చెప్పకండి."

మళ్ళీ ఆయన లైన్లోకి వచ్చాను. "మీ అత్తగారు బాగున్నారండీ. ఇప్పుడే మాట్లాడాను."

ఏడుపు ఆగిపోయింది. "నీ పేరేంటే?" అన్నాడు. సోమవారం నాటి గొంతే. నాకు ఒళ్ళు మండింది. ఇంటిపేరుతో సహా చెప్పాను. "రాసుకోండి. ఊరు మాత్రం చెప్పను" అని లైను తీసేశాను.

శనివారం చల్లపల్లి నుంచి గ్రేస్ కాల్ వచ్చింది. కలిపేముందు వాళ్ళమ్మగారితో నిజం చెప్పుకున్నాను. "ప్రతి శనివారం కాల్ వస్తుందని బయటపెట్టింది నేనేనండీ."

"తెలియక చెప్పారు. ఇప్పుడు తెలిసింది కదమ్మా" అందావిడ. "మా పిల్లని కలపండి."

ఏ ఊరినుంచో చెప్పి కలపడం మా అలవాటు. ఆ రోజు "మీ అమ్మాయండీ" అని మాత్రం అని కలిపాను.

ఇప్పుడు ఓటీపీలు అడిగే దొంగల గురించి పేపర్లో చదివితే ఆ రెండు ఫోన్లే గుర్తొస్తాయి. బెదిరించినప్పుడు నేను తొణకలేదు. ఏడ్చినప్పుడే చెయ్యి జారబోయింది. అంతకుముందు, ఎవరూ ఏమీ అడగనప్పుడే, నోరు జారాను. రిటైరయ్యేదాకా లైను ఖాళీ లేకపోతే "ఎంగేజండీ" అని ఊరుకున్నాను. కాసేపాగి చేయమని కూడా అనలేదు.