పద్నాలుగో చింతగింజ

మొన్న మా మనవరాలు తన కూతుర్ని ఆరో తరగతిలో ఎక్కడ చేర్పించాలో తేలక, సెల్‌ఫోను ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది. ఒక్కో బడికీ ఎవరెవరో చుక్కలు వేసి ఉంటారట, నాలుగు చుక్కల బడికీ నాలుగున్నర చుక్కల బడికీ మధ్య దాని ప్రాణం ఊగిసలాడుతోంది. చివరికి ఫోను పక్కన పడేసి, ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినదానివి, ఏది మంచి బడో నువ్వే చెప్పు అమ్మమ్మా అని నా వైపు తిరిగింది. సర్వీసంతా బళ్ళలోనే గడిపినదాన్నే, అయినా ఆ ప్రశ్న వినగానే నా చెయ్యి నాకు తెలియకుండానే కొంగు చివర ముడి కోసం వెతుక్కుంది. ఎందుకో మీకు చెప్పుకోవాలి. ఫస్టు ఫారంలో, అంటే అప్పటి ఆరో తరగతిలో, చేరడానికి గుండెలు చేత పట్టుకుని గేటు ముందు నిలబడ్డ నా ఈడు వాళ్ళకైతే ఇది ఇట్టే అర్థమవుతుంది.

మాది మర్రిపాడు దగ్గర మెట్టనేలల్లో ఇరవై గడపల పల్లె. వాన పడితే సజ్జ, పడకపోతే గొర్రెలు, అంతే మా బతుకు. ఊళ్ళో ఒక గది, ఒక అయ్యవారు ఉన్న బడిలో అయిదో తరగతి ముగించాను. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. పై చదువంటే ఉదయగిరి మిషన్ బోర్డింగన్నా కావాలి, ఆత్మకూరులోని జిల్లా బోర్డు హైస్కూలన్నా కావాలి. బోర్డింగులో పెడితే నెలల తరబడి పిల్ల కంటికి కనపడదని నాయన తల్లి, మా అవ్వ, ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఇక మిగిలింది మా మేనమామ కాపురముండే ఆత్మకూరు. అది కూడా కాదంటే రేపటి నుంచి కర్ర పట్టుకుని గొర్రెపిల్లల వెంట పోవడమే నా పని. నాతో పాటు అయిదు ముగించిన పిల్లలు ఇంకో మూడిళ్ళలో ఉన్నారు, వాళ్ళ పెద్దలు కూడా మా అవ్వ చూసి వచ్చి ఏ మాట చెబితే ఆ మాట అని కూర్చున్నారు. మందను కొనాలంటే చూసి రావడానికి ఊరంతా అవ్వనే పంపేవాళ్ళు, అటువంటప్పుడు పిల్లల్ని అప్పజెప్పే చోటు చూడ్డానికి వేరే వాళ్ళను ఎందుకు పంపుతారు?

అవ్వకు బడంటే భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా నాయనకు ముందు ఒక అన్న ఉండేవాడట. పక్క ఊళ్ళో బడికి పోతూ, ఒకరోజు మధ్యాహ్నం నీళ్ళకని బావిలోకి వంగి పడిపోయాడు. పలక బడిలోనే ఉంది, సంచీ బడిలోనే ఉంది, సాయంత్రం దాకా పిల్లవాడు లేడని గమనించిన మనిషి లేడు. ఆ మరుసటి రోజే అవ్వ మా నాయనను బడి మాన్పించేసింది. అందుకే ఆయనకు వేలిముద్ర తప్ప సంతకం రాలేదు, అందుకే నన్ను చదివించాలని ఆయనకు అంత ఆశ. కానీ ఆ పెద్ద కొడుకును తలుచుకుని ఏడ్చే తల్లిని బలవంతం చేయగల నోరు ఆయనకు లేదు. మా ఊరి బడికి నన్ను పోనిచ్చింది కూడా అది మా ఇంటి గడపలో నుంచి కనపడుతుందనే.

గొర్రెల వాళ్ళకు ఒక పద్ధతుంది. పొద్దున దొడ్డి తడిక తీయగానే ఒక్కో గొర్రెకూ ఒక్కో చింతగింజ కొంగులో వేసి ముడి కడతారు, సాయంత్రం మంద తిరిగి దొడ్లోకి వచ్చేటప్పుడు ఒక్కో గింజా తీసేస్తారు. ముడి ఖాళీ అయితే ఆ పూటకు నిద్ర. ఒక గింజ మిగిలితే ఊరంతా గట్ల వెంట పడాల్సిందే. అవ్వకు అంకెలు పెద్దగా రావు గానీ ఆ లెక్క ఏనాడూ తప్పింది లేదు. బడిని కూడా అట్లాగే చూస్తానంది. లోపల పాఠాలు ఏం చెబుతారో తనకు అక్కర్లేదు, పొద్దున లోపలికి పోయిన ఆడపిల్లలు సాయంత్రం అందరూ బయటికి వస్తారా లేదా అన్నదే తన పరీక్ష. మగపిల్లలు మరీ ఎక్కువ మంది కాబట్టి వాళ్ళను వదిలేసింది.

చేర్చుకోవడానికి ఇంక రెండు రోజులే గడువుందనగా ఆత్మకూరులో బస్సు దిగాం. మర్నాడు పొద్దున బడి గేటుకు ఎదురుగా సోడా అంగడి అరుగు మీద అవ్వ, ఆమె పక్కన నేను, కొంచెం దూరంలో ఎటూ చూడలేక నాయన. చుట్టూ కంపదడి, ఒకటే గేటు. పిల్లలు పోతున్నారు, అవ్వ గింజలు వేస్తోంది. ఇస్త్రీ పావడాలు, రెండేసి జడలు, కొందరు ఓణీలు కూడా వేసుకున్న పెద్ద పిల్లలు. నా ఒక్క పావడాకు ఉన్న మాసిక మోకాళ్ళ కింద దాచుకుని కూర్చున్నాను. పద్నాలుగు గింజలు. మధ్యాహ్నం అన్నాలకు ఇళ్ళకు పోయిన వాళ్ళకు వేరే ముడి, వాళ్ళంతా తిరిగి వచ్చారు. అవ్వ మాత్రం ఆ అరుగు మీద నుంచి లేవలేదు, మా అత్త కట్టిచ్చిన సద్ది కూడా అక్కడే తిన్నది.  

సాయంత్రం గంట కొట్టారు. ఒక్కో పిల్ల వస్తోంది, ఒక్కో గింజ అరుగు మీద పడుతోంది. పన్నెండు, పదమూడు. ఆ తర్వాత మగపిల్లలు, ఆ తర్వాత సైకిళ్ళ మీద అయ్యవార్లు, ఆ తర్వాత ఎవరూ లేరు. అవ్వ కొంగులో ఒక గింజ మిగిలింది. ఆమె మొహం చూశాను, ఆ మొహం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

ఇక్కడ నేను చేసిన పని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా చదువు పోయిందనే ఒక్క భయంతో, అదుగో అవ్వా, ఇంకో అక్క ఇప్పుడే దడి పక్కన పోయింది, నువ్వు చూళ్ళేదు అన్నాను.

అవ్వ నా వైపు తిరిగింది. “నువ్వు చూసినావా?”

“చూసినా.”

“ఏం రంగు పావడా?”

నేను తల వంచుకున్నాను. అవ్వ అరుగు దిగింది. ఆ గింజను గుప్పిట్లో పట్టుకుని, నా రెక్క పుచ్చుకుని గేటు దాటి లోపలికి నడిచింది. ఇంత అల్లరి చేసిన ముసలామె మనవరాలిని ఏ బడిలోనైనా చేర్చుకుంటారా అని నా ఏడుపు నాది. నాయన వెనకనే వచ్చాడు, తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ.

హెడ్మాస్టరు గారు గది తాళం వేయబోతున్నారు. సన్నగా, పొడుగ్గా, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఉన్న పెద్దమనిషి. ఎవరు కావాలమ్మా అని అడిగారు.

“ఒక ఆడపిల్ల తగ్గింది అయ్యవారూ. పొద్దున పద్నాలుగు మంది పోయినారు, పదమూడు మందే వచ్చినారు.”

ఆయన తాళం పక్కన పెట్టి లోపలికి పోయి హాజరు పట్టీలన్నీ తెచ్చి, ఒక్కో ఫారం పట్టీలో వేలు పెట్టి చూశారు. బడి మొత్తానికి ఆడపిల్లలు పదమూడు మంది, ఆ రోజు పదమూడు మందీ వచ్చారు. ఆ మాటే నెమ్మదిగా చెప్పారు.

“పట్టీ సంగతి నాకు తెలీదు సామీ. నా కొంగులో పద్నాలుగు ఉండాయి.”

ఈ మాటకు ఎవరైనా నవ్వేవాళ్ళు, లేదా కసిరి పంపేవాళ్ళు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన అవ్వ గుప్పిట్లో గింజను చూశారు. తర్వాత బంట్రోతును పిలిచి గేటు వెయ్యమన్నారు. వరసన గదులు తెరిపించి బెంచీల కింద వంగి చూశారు. అటు నుంచి నేరుగా బడి వెనక ఉన్న బావి దగ్గరికి నడిచారు. అంతటి మనిషీ చెప్పులు విడిచి, గట్టు మీద మోకాళ్ళు ఆనించి లోపలికి తొంగి చూసి, చీకటిగా ఉండటంతో ఆఫీసు గదిలో గోడకు తగిలించిన అద్దం తెప్పించారు. వాలుతున్న ఎండను ఆ అద్దంలో పట్టి బావిలోకి తిప్పారు. అవ్వ కూడా వంగింది. నా భుజం మీద ఆమె వేళ్ళు గుచ్చుకుంటున్నాయి. వెలుతురు రాళ్ళ మీద నుంచి దిగి నీళ్ళ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయింది. ఒక విరిగిన చేద, నాలుగు ఎండుటాకులు, అంతే.  మా నాయన అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను.

అంతలో బడి గదులకు దూరంగా, ఆవరణ చివర విడిగా ఉన్న పాక వైపు నుంచి, ఏమైంది సార్ అంటూ ఒక అమ్మాయి పరుగున వచ్చింది. పీలగా, పొట్టిగా, నేత చీరలో, ఒంటి జడతో, వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది.

“ఇదుగో, ఈ పిల్లే!” అని అవ్వ ఆమె చెయ్యి పట్టేసుకుంది. “యాడికి పోతివే తల్లీ?”

ఆమె విస్తుపోయి, నేను టీచర్ని అవ్వా, పాకలో పిల్లల నోటుబుక్కులు దిద్దుతా కూచున్నా అంది. ఉదయగిరిలో చదువుకుని, ట్రైనింగు ముగించి వచ్చి వారం కూడా కాలేదట. పొద్దున పెద్ద పిల్లలతో కబుర్లాడుతూ లోపలికి పోతే అవ్వ ఆమెకూ ఒక గింజ వేసేసింది. హెడ్మాస్టరు గారు అద్దం గట్టు మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మీ లెక్కే సరైందమ్మా, మా పట్టీలో టీచర్ల పేర్లు రాయం అన్నారు. అవ్వ ఆ టీచరు గడ్డం పట్టుకుని, “ఇంత పిల్లకి అంతమందిని అప్పజెప్పినారా!” అని నవ్వింది. 

 మా మామ ఇంటి గడప దగ్గర ఆగి, ఆ గింజను నా చేతిలో పెట్టి, అవ్వే నాయనతో చెప్పింది.

“రేప్పొద్దున పోయి పాప పేరు రాయించు. ఆయన బాయిలోకి చూసినాడు.”

మర్నాడు నాయన నల్ల సిరా పూసుకున్న బొటనవేలు నా దరఖాస్తు మీద నొక్కాడు. గడువు దాటినా హెడ్మాస్టరు గారు కాదనలేదు, వారం తిరిగేలోగా ఆ మూడిళ్ళ పిల్లలు కూడా వచ్చి చేరారు. చదువుకున్నాను, ఆ పొట్టి టీచరు లాగే నేనూ టీచరునై ఆత్మకూరులో, దుత్తలూరులో పనిచేశాను. సాయంత్రం ఆఖరి పిల్ల గేటు దాటిందాకా నేను ఇంటికి పోయిన రోజు లేదు. నన్ను చాదస్తపు మనిషన్నారు. వాళ్ళకేం తెలుసు, చదువు మీది ఆశతో, తప్పిపోయిందేమో అనుకున్న ఒక పిల్లను లెక్కలో నుంచి కొట్టేయబోయిన పదేళ్ళ పిల్లను నేనని.

నిన్న మనవరాలు నన్ను ఆ నాలుగున్నర చుక్కల బడి చూడ్డానికి తీసుకుపోయింది. మంచి బడే, తప్పు పట్టడానికేమీ లేదు. పిల్ల లోపలికి పోగానే తల్లి ఫోనుకు కబురొస్తుందట, బయటికి రాగానే ఇంకో కబురట. మనవరాలు ఆ మాట చెప్పి ఇంక నీకు దిగులేంటి అని నవ్వింది. దిగులు లేదు తల్లీ. కాకపోతే, ఒక రోజు ఆ కబురు రాకపోతే ఎవరి దగ్గరికి పరుగెత్తాలో, ఆ మనిషి చెప్పులు విడిచి వంగుతాడో లేదో ఆ ఫోను చెప్పదు. మనవరాల్ని లోపలికి పంపి నేను గేటు బయటే ఆగాను. బడి వదిలే వేళ అయింది. అవ్వ ఆ రోజు నా చేతిలో పెట్టిన గింజ ఏనాడో పోయింది గానీ, ఒక్కో పిల్ల దాటుతుంటే నా వేళ్ళు కొంగు అంచున ఒక్కో మడత పెడుతూనే ఉన్నాయి. కాపలా అబ్బాయి వచ్చి, ఎవరి కోసం చూస్తున్నారమ్మా అని మర్యాదగానే అడిగాడు. అందరి కోసం అని చెబితే ఏమనుకుంటాడో అని, ఎవరి కోసమూ కాదు నాయనా అన్నాను. అది నేను ఆడిన రెండో అబద్ధం.