సగం అద్దెకి దొరికిన కొట్టు

పెన్సిల్వేనియా కొండల్లోని ఒక అమ్యూజ్‌మెంట్ పార్కులో, మూడొందల ఏళ్ళ నాటి అమెరికాలా కట్టిన వీధిలో, చెప్పిన అద్దెలో సగానికే కొట్టు ఇప్పించిన మొనగాణ్ణి నేను. నాకోసం కాదు, మా తోడల్లుడికి. అంత చెడ్డ నిర్ణయాన్ని అంత చవగ్గా చేసినవాడు ఈ దేశంలో ఇంకొకడు ఉంటాడనుకోను. పోయిన వారం ఆ పక్క హైవే మీద డ్రైవ్ చేస్తుంటే చెట్ల పైన కొత్త రోలర్ కోస్టర్ ఇనుము కనిపించింది. "అటు చూడకండి, ఎగ్జిట్ దాటిపోతుంది," అంది మా ఆవిడ. చూడకుండా ఎలా ఉంటాను? దాని కాలొకటి మా కొట్టు నడిమధ్యన దిగి ఉంటుంది.

మొదట అక్కడ పార్కు లేదట. చరిత్ర పిచ్చి ఉన్న ఒక వడ్రంగి, పడగొట్టేస్తున్న పాత ఇళ్ళ దూలాలు కొని తెచ్చి, ఇంగ్లండు రాజు ఏలిన కాలం నాటి బజారు నిలబెట్టాడు. కమ్మరి కొలిమి, కొవ్వొత్తుల కొట్టు, గాజు ఊదే చోటు, చేత్తో తిప్పే అచ్చు యంత్రం. జనం కార్లేసుకొచ్చి, ఎర్రగా కాలిన గుర్రపు నాడా నల్లబడేదాకా నిలబడి చూసేవారట. కొడుకు రంగులరాట్నం పెట్టాడు. మనవళ్ళు అంతా కలిపి ఒక కంపెనీకి అమ్మేశారు. కంపెనీ కోస్టర్లు కట్టింది. మేం చూసేనాటికి ఆ వీధి, గేటు నుంచి కోస్టర్ దాకా జనం పరిగెత్తే దారిగా మిగిలింది. మేడ మీద కిటికీలు చెక్కపై వేసిన బొమ్మలు. ఉండుండి చెట్ల వెనక నుంచి కేకలు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా తెగిపోయేవి. ఆ తరువాతి నిశ్శబ్దమే నాకు నచ్చేది కాదు.

మా తోడల్లుడికి అప్పుడే లేఆఫ్ అయింది. మళ్ళీ ఇంటర్వ్యూలకి తిరిగే ఓపిక లేక, రిటైర్‌మెంట్ కోసం దాచిందంతా బయటికి తీసి, ఆ వీధిలో మిరియాలు, లవంగాలు, టీ అమ్ముతానన్నాడు. "అప్పట్లో తెల్లవాళ్ళు ఓడలెక్కింది మిరియాల కోసమే కదన్నయ్యా. ఇప్పుడు మనమే తెచ్చి పోద్దాం." కొట్టువాళ్ళు మోకాళ్ళ దాకా పంట్లాం వేసుకుని, మూడు మూలల టోపీ పెట్టుకోవాలని పార్కు రూలు. ఆ టోపీలో అతను నాటకంలో డైలాగు మరిచిపోయిన దొరలా ఉన్నాడు.

నేను తెనాలి బట్టల బజారులో పెరిగినవాణ్ణి. బేరం పడిపోయిన కొట్లో ముందు వరస నిండుగా ఉంటుందని, వెనకవన్నీ ఖాళీ అట్టపెట్టెలని నాకు పుట్టుకతో తెలుసు. కొవ్వొత్తుల కొట్లో ముందు వరస వెనక చెయ్యి పెట్టాను. గోడ తగిలింది. కొలిమిలో నిప్పు లేదు, ఎర్ర బల్బు ఉంది. కొట్ల వెనక నేలలో నారింజ రంగు రిబ్బన్లు కట్టిన కర్రలు వరసగా పాతి ఉన్నాయి. ఇన్ని అపశకునాలు కంటపడితే మామూలు మనిషి ఇంటికి పోతాడు. నేను మేనేజరు దగ్గరికి పోయాను.

కొవ్వొత్తులకి గిరాకీ లేదన్నాను. అద్దె తగ్గించాడు. కొలిమి చల్లారిందన్నాను. ఇంకా తగ్గించాడు. కర్రలు దేనికన్నాను. "సర్వే," అన్నాడు. చూపుకి బాగాలేవన్నాను. దానికీ తగ్గించాడు. చివరికి, ఖాళీ చెయ్యమనే ముందు ఆర్నెల్ల నోటీసు బదులు నెల నోటీసుకి ఒప్పుకుంటే చెప్పినదాంట్లో సగం చేస్తానన్నాడు.

తోడల్లుడు నన్ను పక్కకి లాగాడు. "అన్నయ్యా, ఈయన దేనికీ కాదనడంలేదు. నాకెందుకో భయంగా ఉంది."

"నువ్వు మాట్లాడకు తమ్ముడూ, బేరం చెడుతుంది."

అడగ్గానే దిగేవాడు డాగుపడ్డ బట్టల తాను అంటగడుతున్నాడని మా నాన్న కొట్లో పనివాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ గెలుస్తున్నవాడికి ఆ సమయంలో చెవులుండవు.

వెళ్తూ వెళ్తూ కొవ్వొత్తులామె దగ్గర ఒకటి కొన్నాను. లేసు టోపీ పెట్టుకున్న పెద్దావిడ, చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది. మేం తీసుకున్న కొట్టుని మాకంటే ముందు ముగ్గురు చూసి వెళ్ళారంది.

"బేరం కుదరలేదా?"

"వాళ్ళు బేరమే ఆడలేదు."

"చాతకాదేమో," అన్నాను. ఆమె కొవ్వొత్తికి నెమ్మదిగా కాగితం చుట్టి ఇచ్చింది.

ఒక వేసవి నడిచింది, గొప్పగా కాదు, పరవాలేదన్నట్టు. రెండో వేసవికి సరుకు దింపిన వారమే నోటీసొచ్చింది. వీధి మొత్తం తీసేసి కొత్త కోస్టర్ వేస్తారట. తోడల్లుడు ఆ టోపీలోనే నిలబడి చదివి, కాగితం నా చేతికిచ్చాడు. "దీన్లో ఏమైనా తగ్గిస్తారేమో అడుగన్నయ్యా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

లెక్క చెప్తాను. అద్దెలో నేను మిగిల్చింది తొమ్మిది వేల డాలర్లు. అరలకీ సరుకుకీ దొర వేషానికీ పోయింది డెబ్భై వేలు. అందులో నాది ఒక్క డాలర్ లేదు. తరువాత అతను కాంట్రాక్ట్ ఉద్యోగం మీద బాతెల్ అనే ఊరికి వెళ్ళాడు, దేశం ఆ చివరికి. పిల్ల చదువు చెడకూడదని మా మరదలు ఇక్కడే ఉంది. కూతురి హైస్కూలు నాలుగేళ్ళూ అతను ఫోన్‌లో చూశాడు. డబ్బు మళ్ళీ కూడబెట్టుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది. ఆ నాలుగేళ్ళు పోయింది అతనికి, ఖర్చు పెట్టింది నేను.