కుక్కకు సర్ఫేస్ డ్యూటీ

భూపాలపల్లి గని క్వార్టర్లలో ఉన్నప్పుడు మా చిన్న కుక్కను ఆటో గుద్దింది. వెనక కాలికి ఆపరేషన్ చేయించాం. ఎముక అతికినా అది కాలు కింద పెట్టలేదు. తాడు కట్టి మెల్లగా నడిపించాలని, ఎత్తుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ నెలలో కాలు వాడకపోతే కండ కరిగి, ఇక బతికినన్నాళ్లూ మూడు కాళ్లేనన్నాడు.

రోజూ మూడు పూటలా క్వార్టర్ల ముందు అడుగులో అడుగేస్తూ తిప్పాను. రెండు వారాలకు పాదం నేలకు ఆనింది. అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలై గనులు ఆగాయి. నాకు జ్వరమొచ్చి వారం మంచమెక్కితే, ఖాళీగా ఉన్న బాపుకు, అంటే మా నాన్నకు, కుక్కను అప్పగించాను. అదే నా తప్పు.

లేచి చూస్తే మళ్లీ మూడు కాళ్ల గెంతు. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. బాపు దాన్ని చంకనెత్తుకుని సమ్మె టెంటుకు పోతే, కాసేపటికి వెనకే పోయాను. మా కుక్క మెడలో గులాబీ కండువాతో కుర్చీలో కూర్చుంది. కాలెత్తితే చాలు, ఎవరో ఒకరు బిస్కెట్ పెడుతున్నారు.

"మీ కుక్క అన్‌ఫిట్ అయింది బిడ్డా. సర్ఫేస్ డ్యూటీ ఇచ్చినం" అన్నాడు బాపుతో గనిలో పనిచేసే పెద్దాయన. దెబ్బతిన్న కార్మికుణ్ని కిందికి దింపకుండా పైన ఇచ్చే తేలిక పని అది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"మీ ముద్దు పాడుగాను. దాన్ని జిందగీ అంతా కుంటిదాన్ని చేస్తున్నరు. ఎత్తుకోవద్దని చెప్పిన గదా బాపు?"

బాపు తలెత్తలేదు. "నొప్పి ఉన్నదాన్ని నడువుమని ఎట్ల అంటం బిడ్డా? నా కాలు ఇరిగినప్పుడు సర్ఫేస్ డ్యూటీ అడిగిన. ఇయ్యలే. మానకముందే కిందికి దిగుమన్నరు."

బాపు కుంటడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అది ఆయన నడక అనుకున్నానే తప్ప, ఒకరు చేసిన పని అని నాకెవరూ చెప్పలేదు. తాడు తీసి ఆయన చేతికిచ్చాను.

మర్నాటి నుంచి టెంటుకు ఇద్దరూ నడిచే పోయారు. బాపు వేగంగా నడవలేడు, కుక్కకు కావలసింది ఆ నడకే. సమ్మె ముగిసేసరికి అది నాలుగు కాళ్ల మీద నడిచింది.

బాపు మాత్రం కుంటుకుంటూనే మళ్లీ గనిలోకి దిగాడు. ఆయన్ను ఆనాడు దిగమన్నవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.