ఒక చేతికి సరిపడా మూట

మొన్న తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున తెనాలిలో మా ఇంటికి నారింజ రంగు సంచి ఒకటి వచ్చింది. కాలేజీలో చదువుతున్న మా మనవరాలు ఫోనులో వెతికి తెప్పించింది. అందులో ఈల, టార్చి, దుప్పటిలా విప్పుకునే వెండి రంగు కాగితం, నీళ్లలో వేసుకునే బిళ్లలు, ఇంకా నాకు పేర్లు తెలియనివి ఏవేవో ఉన్నాయి. పిల్ల అన్నీ మంచం మీద పరిచి శ్రద్ధగా సర్దుతుంటే నేను ఊరుకోలేక, దాన్ని ఎత్తుకుని హాల్లో మూడు చుట్లు తిరిగి రమ్మన్నాను. అది నవ్వుకుంటూ సంచి వీపుకి తగిలించుకుని తిరిగింది. దాని చేతులు రెండూ ఖాళీగా ఊగుతుంటే చూస్తున్న నాకు మా అత్తగారు గుర్తొచ్చారు.

నా ఈడు వాళ్లలో రేపల్లె, నగరం ఊళ్ల వైపు సముద్రానికి దగ్గరగా కాపురాలు చేసినవాళ్లు ఉంటే, మే నెలంటే ఆవకాయ ఒక్కటే కాదు, తుఫాను కూడానని వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. ఈదురుగాలి మొదలైతే మగవాళ్లంతా రేడియో ఉన్న ఇంటి అరుగు మీద చేరి, రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో విని ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. ఎనభైల చివర్లో నేను ఆ ప్రాంతంలోనే ఒక పల్లెలో కోడలిగా ఉన్నాను. మావారు బాపట్లలో గుమాస్తా, వారానికోసారి వచ్చేవారు. ఇంట్లో ఉండేది అత్తగారు, నేను, మూడేళ్ల మా అమ్మాయి. అత్తగారి చెల్లెలు అంతకు ముందు వచ్చిన పెద్ద ఉప్పెనలో పోయిందని మాత్రం నాకు తెలుసు. ఎలా పోయిందో ఆవిడ చెప్పలేదు, అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

ఆ ఉప్పెన తరవాత అత్తగారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే మనిషి ఒక చేత్తో మోయగలిగిందే మూట, రెండో చెయ్యి పక్క మనిషికి. మూట కట్టాక వాకిట్లో మూడు చుట్లు తిరగాలి. మధ్యలో చెయ్యి మార్చుకోవాలని అనిపించిందా, మూట విప్పి ఒక వస్తువు తీసేసి మళ్లీ మొదటి నుంచి తిరగాలి. ఏటా వేసవి చివర ఆవిడ ఊరికే అయినా ఒకసారి కట్టి తిరిగి చూసేవారు. మేం లూథరన్ క్రైస్తవులం కాబట్టి ఇరుగుపొరుగు వాళ్లు ఆ తిరగడాన్ని ప్రదక్షిణాలని వేళాకోళం చేసేవారు. నాకూ లోపల నవ్వుగానే ఉండేది.

ఒక ఏడు మే నెలలో, మధ్యాహ్నం అన్నాల వేళకి మైకు కట్టిన జీపు వచ్చి, ఊరి చివర మెరక మీద ఉన్న చర్చికి అందరినీ వెంటనే వెళ్లమని చెప్పి పోయింది. అప్పటికే గాలికి తాటిమట్టలు తెగిపడుతున్నాయి. అత్తగారు తొణక్కుండా పీట వేసుకుని కూర్చుని, మూత బిగుతుగా పట్టే గాజుసీసాలో అగ్గిపెట్టె, గుడ్డలో అటుకులు, బెల్లం, ఒక సీసా మంచినీళ్లు తీసి పెట్టారు. కొత్తగా పెట్టిన ఆవకాయ జాడీల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేను పోతుందేమోనన్న బాధతో నా పెళ్లి పట్టుచీర తెచ్చి ఇస్తే విసుక్కున్నారు.

"పట్టుచీర దేనికే అమ్మాయ్, ముడి జారిపోద్ది. నేతచీర తే. నీళ్లొచ్చి మనల్ని చెట్టుకి కట్టుకోవాల్సొస్తే అదే నిలబడేది."

నేతచీర తెచ్చి ఇచ్చాను. అయినా నా మనసంతా అటక మీది చిన్న రేకుపెట్టె మీదే ఉంది. టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి ఇంకో పది రోజులుంది, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. భయపడుతూనే ఆ మాట అన్నాను.

"నీ మూట పిల్లే," అన్నారు ఆవిడ. "రెండో చెయ్యి ఖాళీగా ఉంచు."

సరేనండి అన్నాను. అని, ఆవిడ వాకిట్లో తిరుగుతున్నప్పుడు పెట్టె దించి, వానకి తల మీంచి కప్పుకున్న గోనెసంచి కింద దాచుకున్నాను. కాగితాలు మాత్రం తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకుంటే సరిపోయేదని ఇప్పుడు చిన్నపిల్ల కూడా చెబుతుంది. పెట్టె తెరిస్తే వానకి తడుస్తాయని తప్ప ఆ గాభరాలో నాకింకేమీ తోచలేదు. నేను మూడు చుట్లు తిరగలేదు. తిరిగి ఉంటే రెండో చుట్టులోనే తెలిసేది.

చర్చికి వెళ్లే దారిలో మురుగుకాలువ మీద గోడల్లేని కల్వర్టు ఒకటుండేది. మేం చేరేసరికి దాని మీంచి మోకాటి లోతు నీళ్లు పారుతున్నాయి. ఎడమ చంకలో పిల్ల నా మెడ కరుచుకుని ఉంది. కుడిచేతిలో పెట్టె. అత్తగారు మూట తన కుడి మోచేతికి తగిలించుకుని నా కుడిపక్కన అడుగు తీసి అడుగు వేస్తూ, ఉన్నట్టుండి కాలు జారి చెయ్యి చాచారు. చూడకుండానే చాచారు, నా చెయ్యి అక్కడ ఉంటుందనే ధైర్యంతో.

నా చెయ్యి పెట్టె పిడి మీద ఉంది. వదలాలని తెలుసు. వదల్లేదు. ఎంతసేపు ఆగానో ఇప్పటికీ చెప్పలేను, రెప్పపాటే కావచ్చు. ఆవిడ కాలువలోకి జారి, ఒడ్డున ఉన్న జమ్ము దుబ్బుని కుడిచేత్తో పట్టుకుని వేలాడారు. అప్పుడు వదిలాను పెట్టెని. వంగి ఆవిడ జబ్బ పట్టుకుని, వెనక వచ్చేవాళ్లు అందుకునే దాకా అరుస్తూనే ఉన్నాను. పెట్టె ఎటు కొట్టుకుపోయిందో చూడనే లేదు.

చర్చిలో జనం మధ్య గోడకి ఆనుకుని కూర్చున్నాం. అటుకులు పిల్లకి పెట్టాను. ఆవిడ నన్ను తిడతారని ఎదురు చూశాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా. పిల్ల నిద్రపోయాక ఆవిడ నా వైపు తిరక్కుండానే మెల్లగా అన్నారు.

"మా చెల్లి చెయ్యి చాపినప్పుడు నా చేతిలో ఇత్తడిబిందె ఉందమ్మాయ్."

అంతే. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

సర్టిఫికెట్ల నకళ్లు తెచ్చుకుని ఉద్యోగంలో చేరడానికి నాకు మరో రెండేళ్లు పట్టింది. ఆ రోజు దుబ్బు పట్టుకుని వేలాడిన అత్తగారి కుడిభుజం మాత్రం మళ్లీ పైకి లేవలేదు. తల దువ్వుకోవడం కుదరక రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు, తొంభైల చివర్లో పోయేదాకా ఆ జడ నేనే వేశాను. ఆ తరవాత వచ్చిన తుఫానులన్నిటికీ ఆవిడ ఏమీ అనకుండా నేతచీర కొంగు తన మణికట్టుకి ఒక ముడి, నా మణికట్టుకి ఒక ముడి వేసి నడిపించేవారు. నన్ను నమ్మలేకనో, నన్ను వదల్లేకనో నేను అడగలేదు.

ఇప్పుడు నాలుగు రోజుల ముందే ఫోన్లు మోగుతున్నాయి, బస్సులు పెట్టి మరీ తీసుకెళుతున్నారు. సంచులు వీపుకెక్కాయి. అత్తగారి పద్ధతి విని, ఏ వస్తువు తీసెయ్యాలని మనవరాలు అడిగితే, ఏదీ వద్దని చెప్పి బీరువాలోంచి అత్తగారి నేతచీర తెచ్చి పైన పెట్టాను. చేతులు ఖాళీగా ఉండే ఇలాంటి సంచి ఆ రోజు నాకూ ఉండి ఉంటే ఎంత బాగుండేదని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. కానీ ఆ రోజు నా చెయ్యి ఆగింది బరువు వల్ల కాదు, ఉద్యోగం మీది ఆశ వల్ల. ఇన్నేళ్లలో ఈ సంగతి మావారికి కూడా చెప్పలేదు. అత్తగారికి తెలుసు. తెలిసి కూడా రోజూ పొద్దున్నే వచ్చి, నాకు వీపు పెట్టి, తల వంచుకుని కూర్చునేవారు.