బండ వేషం కట్టిన ఇంజనీరు

ఎనభైల మొదట్లో తిరుపతిలో టెలిఫోను యంత్రాలు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటుండేది. ధనంజయ అందులో ఇంజనీరు. సాయంత్రం ఐదుకు గంట కొట్టేవారు. అదెవరి కోసమో ఎవరికీ తెలియదు. పెద్ద ఇంజనీరు వరదయ్య కుర్చీలోంచి లేవందే ఒక్కడూ కదలకూడదు. పని ఉంటే పని, లేకపోతే పని ఉన్న ముఖం. "మనమంతా ఒక కుటుంబం అబ్బా" అనేవాడు వరదయ్య. అసలు కుటుంబాలేమో ఇళ్లల్లో చల్లారిన కూడు ముందు పెట్టుకుని కూర్చునేవి. ధనంజయ కూడా ఏడాదిన్నర కూతురు లేవకముందే బయలుదేరి, అది నిద్రపోయాక ఇల్లు చేరేవాడు.

ఆ ఏడు పాపకు అమ్మవారు పోసింది. తగ్గితే గంగజాతరలో వాళ్ల నాయన చేత బండ వేషం కట్టిస్తానని భార్య మునిలక్ష్మి మొక్కుకుంది. తగ్గింది. బండ వేషమంటే ఒళ్లంతా కుంకుమ పూసుకుని ఎదురైనవాణ్ణల్లా నోటికొచ్చినట్టు తిట్టడం. తిట్లు తిన్నవాడు దండం పెట్టాలే గాని కోపం తెచ్చుకోకూడదు.

ధనంజయ సెలవడిగాడు.

"సాయంత్రం కట్టుకోరాదా, ఎవురొద్దన్నారు?" అన్నాడు వరదయ్య.

ఆ ఆఫీసులో సాయంత్రమనేది ఉంటే కదా. ధనంజయకు ఒళ్లు మండింది. మర్నాడు కడుపునొప్పని కబురు పంపి వేషం కట్టేశాడు.

వీధులన్నీ తిట్టుకుంటూ వరదయ్య ఇంటి ముందుకొచ్చాడు. ఆయన భార్య వసంతమ్మ చేటలో బియ్యం తెచ్చింది. వేషంలో ఉన్నదెవరో ఆమెకు తెలియదు.

"నీ మొగుడు యాడ సచ్చినాడే?" అన్నాడు ధనంజయ.

"ఆఫీసులోనప్పా, ఇంక యాడ. నన్ను తిట్టి ఏం లాభం, ఆడికే పోయి ఆయప్పను తిట్టు. ఏమని తిట్టాల్నో నేను చెప్తా."

గుమ్మంలో నిలబడి, పెళ్లయినప్పట్నుంచీ కడుపులో దాచుకున్నవన్నీ చెప్పింది. వింటుంటే బండ వేషగాడికే చెవులు ఎర్రబడ్డాయి. కుంకుమ ఉండబట్టి కనపడలేదు.

ఐదు దాటాక ధనంజయ ఆఫీసుకు వెళ్లాడు. వాచ్‌మన్ దండం పెట్టి లోపలికి వదిలాడు.

"ఒరే వరదా, ఆ కుర్చీకేమన్నా తాళి కట్టినావేంరా? ఇంట్లో నీ పెండ్లాం మొగుడి మొగం మర్సిపోయి, పెండ్లి ఫోటో తీసి సూసుకుంటా ఉండాది."

ఇవి మెత్తనివి. మిగతావి అచ్చులో పెట్టలేం. వరదయ్య చేతులు జోడించి అన్నీ విన్నాడు. మధ్యలో ఒకచోట మాత్రం తలెత్తి, "ఈ మాట మా ఇంట్లోది" అన్నాడు మెల్లగా. క్యారియరు తీసుకుని లేచాడు. ఆయన వెనకే ఆఫీసంతా లేచింది, ఇంకా ఎండ ఉండగానే.

ధనంజయ రొమ్ము విరుచుకుని ఇల్లు చేరాడు. పాప అతణ్ణి చూసి కెవ్వుమంది.

"ఎర్రగా ఉండావు గదా, బెదిరింది. పోయి కడుక్కోని రా" అంది మునిలక్ష్మి.

బావి దగ్గర రెండుసార్లు సబ్బు రుద్దుకుని, తల దువ్వుకుని, నవ్వుతూ చేతులు చాచి వచ్చాడు.

పాప తల్లి చీర వెనక దాక్కుని మళ్లీ అంతే ఏడ్చింది.