ఘాటు పోయే దారి

ఈరోజు పొద్దున నేనొక తప్పు చేశాను. వరంగల్ శివార్లలోని మా చిన్న రైల్వే స్టేషన్‌లో ప్రయాణికులు కూర్చునే పాత హాలు ఉంది. దాని కప్పు కింద, గోడల పైభాగాన ఉన్న వెంటిలేటర్లన్నీ ఇటుకలు పెట్టించి మూయించాను. రేపు పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నారు. ఇనుప జాలి ఎప్పుడో తుప్పు పట్టి చిరిగిపోవడంతో పావురాలు దూరి కొత్త బెంచీల నిండా రెట్టలు వేస్తున్నాయి. కొత్త జాలి వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేకపోయింది. ఇటుకలు ఎదురుగానే ఉన్నాయి. స్టేషన్ మరమ్మతులు చూసే ఇంజినీరును నేనే కాబట్టి అడ్డు చెప్పేవాళ్లూ లేరు.

మధ్యాహ్నం హాలు గుమ్మం దాటగానే మిరప ఘాటు గొంతు పట్టుకుంది. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమలు తీసి ఊళ్లకు తిరిగిపోయే ఆడవాళ్లు బండి కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ల చీరల్లో, సంచుల్లో ఆ ఘాటు రోజూ ఉండేదే. ఈరోజు మాత్రం అది బయటికి పోలేదు. అందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. మూల బల్ల మీద ఒక అవ్వ దగ్గడానికి కూడా ఊపిరి చాలక ముందుకు వంగిపోయింది.

"ఆమెకు దమ్ము రోగమున్నది సారూ! జర పట్టుండ్రి!" అని పక్కనున్నామె అరిచింది. ఇద్దరం కలిసి అవ్వను బయటికి మోసుకొచ్చి నీడలో కూర్చోబెట్టాం. ఎవరో అంబులెన్స్‌కు ఫోన్ చేశారు.

ఆ అవ్వ ఏమైందో చెబుతాను. అంతకుముందు ఎస్తేరు మేడం గురించి చెప్పకపోతే నా తప్పు ఎంతటిదో తెలియదు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆమే మా పై ఇంజినీరు. పొట్టి మనిషి. నూలు చీర మీద మగవాళ్ల చొక్కా, కాళ్లకు బూట్లు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే మిగతా రోజులు మమ్మల్ని తిట్టేవారు. మొదటి రోజు నేను టేపు తీసి ఈ హాలు కొలవబోతే ఆపేశారు.

"ఏం జేస్తానవ్?"

"కొలతలు తీస్తున్న మేడం."

"కొలతలు ఏడికీ పోవు. బండొచ్చేదాక కూసో."

"ఏ బండి మేడం?"

"ఏదొస్తె అది. టికెట్ కొన్నోని లెక్క తొందరపడతానవేంది?"

కూర్చున్నాను. బండి ఆలస్యమైంది. ఎండ మీద పడుతుంటే ఒకసారి, వాసన వస్తుంటే మరోసారి జరిగాను. చివరికి ఒక మూలకు చేరాక చెమట ఆరింది. బండి వెళ్లిపోయాక మేడం వచ్చి, ఎక్కడ కూర్చున్నావు, ఎందుకు జరిగావు అని ఒక్కొక్కటే అడిగారు. నేను చెప్పిందంతా విని, "ముసలోళ్లు గూడ ఆ మూలకే పోయి కిందనే కూసుంటరు. ముందుగాల ఆడ ఒక బల్ల వేయించు. కొలతలు తర్వాత" అన్నారు. రైల్వేలో నేను చేయించిన మొదటి పని ఆ బల్ల.

ఈ స్టేషన్ నిజాం కాలం నాటిది. రాతి గోడలు, డంగు సున్నం, పైన పెంకులు. హాలును మొదట మనుషుల కోసం కట్టలేదు. అది సరుకుల గోదాం. ఎడ్లబండ్లను వెనక్కి తిప్పి ఆనించడానికి గుమ్మం అంత వెడల్పు పెట్టారు, నేలను బండి ఎత్తుకు లేపారు. మిరప బస్తాలు మోసే హమాలీలు లోపల నిలబడగలగాలని ఎదురెదురు గోడల్లో, అంత ఎత్తున వెంటిలేటర్లు పెట్టారని మేడం చెప్పేవారు. కింద గుమ్మంలోంచి వచ్చిన గాలి ఘాటును పైకి మోసుకుపోతుంది. సరుకుల బండ్లు ఆగిపోయాక అందులో బెంచీలు వేశారు. "బస్తాల దగ్గరి గాలి మనుషులకు దొరికింది, పోనీ" అని ఆమె నవ్వేవారు.

పావురాల గొడవ అప్పుడూ ఉంది. మల్లయ్య మేస్త్రీ ఒకసారి, "మూసేద్దామా మేడం, పీడ పోతది" అన్నాడు.

"నీ ముక్కు మీద ఈగ వాలితే ముక్కు మూసుకుంటవా మల్లయ్యా?"

ఆ వారమే జాలి బిగించారు. మల్లయ్య ఆ మాట ఎన్నేళ్లుగానో అందరికీ చెప్పుకుని నవ్వుతున్నాడు. ఈరోజు పొద్దున ఇటుక చేతిలోకి తీసుకుని కూడా ఆగాడు. "సార్, మేడం ఉంటే..." అన్నాడు. "మేడం లేరు కదా, కానీ" అన్నాను. ఆమె చనిపోయారని బాధపడిన నేనే, ఆమె లేకపోవడాన్ని నా పనికి వాడుకున్నాను.

మధ్యాహ్నం నేను అవ్వ దగ్గర నుంచి లేచి కేకేసేసరికే మల్లయ్య నిచ్చెన మీద ఉన్నాడు. సిమెంట్ ఇంకా పచ్చిగానే ఉండటంతో గడ్డపార పోటుకు ఇటుకలు ఊడి వచ్చాయి. బయట ఎవరో అవ్వ సంచిలో వెతికి, దమ్ముకు మందు పీల్చే పంపు తీసి నోటికి పెట్టారు. కాసేపటికి ఆమె ఛాతీ నెమ్మదించింది. అంబులెన్స్‌లో వచ్చినతను పరీక్షించి, గండం గడిచింది, ఇంటికి తీసుకుపోవచ్చన్నాడు.

ఆఫీసరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. హాలు సిద్ధంగా ఉండదు, పావురాలు ఉంటాయి అన్నాను. ఆయన, "ముందు ఆమెను ఇల్లు చేర్చు" అన్నారు.

బండి రాగానే అవ్వను ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, ఆ వెంటిలేటర్లు మూయించింది నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? అయితె ఈ ముచ్చట మా కోడలుకు నువ్వే చెప్పు బిడ్డా. లేకుంటె నా పాణం బాగలేదని రేపటి సంది ఇంట్ల కూసోవెడ్తది. నాతోటి పనిజేసేటోళ్లంత ఆడ్నే ఉంటరు. ఒక్కదాన్నే ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె?"

ఊరు చేరాం. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న కోడలికి, అవ్వ జబ్బు ముదరలేదని, నేను గాలి రాకుండా చేశానని చెప్పాను. ఆమె చేతిలోని చీర దండెం మీద విసిరేసింది.

"సదువుకున్నోనివేనా నువ్వు? మనుషులు కూసునే కాడ గాలి బంద్ జేస్తరా ఎవలన్న? ఈమెకేమన్న అయితె ఏం జేస్తుంటివి?"

ఇంకా చాలా అంది. అన్నీ నిలబడి విన్నాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఏమీ ఎరగనట్టు కాళ్లకు నీళ్లు పోసుకుంటోంది.

చివరికి కోడలు అలసిపోయి అత్త వైపు తిరిగింది. "ఇగ మూతికి గుడ్డ గట్టుకోని పోతనంటెనే పంపిస్త" అంది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

"చాయ్ తాగుతవా?"

తాగుతానన్నాను.