డాబా మీది జవాబులు

కరోనా రెండో ఏడు నాకొక పని దొరికింది. ఇంట్లో జబ్బు మనుషులను చూసుకుంటున్నవాళ్లకు ఫోన్ చేసి, వాళ్ల మనసెలా ఉందో పన్నెండు ప్రశ్నలు అడగాలి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె వేయాలి. కష్టం ఎంత ఎక్కువైతే అంకె అంత పెద్దది. నేరేడ్‌మెట్‌లో మా రెండు గదుల ఇల్లే ఆఫీసు. పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తమ్మ పక్కనే కూర్చునేదాన్ని. రాసుకోవడానికి చేయి ఖాళీగా ఉండాలని ఫోన్ స్పీకర్‌లో పెట్టేదాన్ని.

ఎవరిని అడిగినా ఒకటే పాట. నిద్ర బాగా పడుతోంది, ఏడుపు రాదు, విసుగు అసలే లేదు. అన్నీ సున్నాలే. నాకు ఒళ్లు మండేది. అబద్ధాలు చెప్పడానికి ఫోన్ ఎత్తడమెందుకని గొణుక్కునేదాన్ని.

తిరుమలగిరిలో ఒకామె భర్తకు డయాలసిస్ చేయిస్తోంది. ఆమె కూడా అంతే.

"మంచిగనే ఉన్న మేడమ్. నాకేం తక్లీఫ్ లేదు."

పన్నెండు సున్నాలు వేసి పంపేశాను.

పావుగంటకు ఆమే ఫోన్ చేసింది. వెనక గాలి హోరు.

"ఇందాక ఆయన పక్కనే ఉండె మేడమ్. ఆయన ముంగట ఎట్ల చెప్తా? బట్టలు ఆరేస్తనని బంగ్ల మీదికొచ్చిన. ఇప్పుడు అడుగుండ్రి."

మళ్లీ మొదటి నుంచి అడిగాను. నాలుగో ప్రశ్న దగ్గర ఆమె అసలు సంగతి చెప్పింది. ఒకసారి ఆయన మీద చెయ్యెత్తబోయి ఆగిందట. ఈసారి ఒక్క సున్నా కూడా లేదు. తర్వాత పైవాళ్లతో గొడవపడి ఆ కాగితం మార్పించాను, కౌన్సెలర్ చేత ఆమెకు ఫోన్ చేయించాను. కానీ అంతకుముందు ఎంతమందిని మంచం పక్కనే నిలబెట్టి నిజం చెప్పమన్నానో తలుచుకుంటే సిగ్గేసింది.

ఆ రోజు ఫోన్ పెట్టేసరికి అత్తమ్మ నన్నే చూస్తోంది. ఆమె రోజూ అన్నీ వింటూనే ఉంది మరి.

"నిన్నెవరన్న అడిగిన్రా?" అంది, ముద్దముద్దగా.

"నాకేం అత్తమ్మా, మంచిగనే ఉన్న" అన్నాను, ఆలోచించకుండానే.

ఆమె పడిపోని చేత్తో తలుపు వైపు చూపించింది.

"బంగ్ల మీదికి పోయి బట్టలు ఆరేసి రాపో. జెర ఆలస్యమైనా ఏం కాదు."

బట్టలు పొద్దున్నే ఆరేశాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఖాళీ బకెట్ పట్టుకుని డాబా మెట్లెక్కాను. సగం మెట్లు ఎక్కకముందే ఏడుపొచ్చేసింది.